పంచుకున్న రంపం

ఆ కలప అడితిలో ఒక పద్ధతి ఉంది. కోతగాడి పని ఇక అయిపోయిందని తేలితే, అతని చైన్ రంపాన్ని మిగతా కోతగాళ్ళు విప్పి పంచుకుంటారు. అందరివీ ఒకే రకం మిషన్లు కాబట్టి ఒకరి సామాను ఇంకొకరి దానికి అతుకుతుంది. ఒకరు బార్ తీసుకుంటారు, ఒకరు కార్బురేటర్, ఒకరు క్లచ్. ఇంటావిడే వాకిట్లో గుడ్డ పరిచి, ఒక్కొక్క సామాను చేతికి అందించాలి. డబ్బులు ఇవ్వకూడదు, ఇస్తే అవమానించినట్టు. పోయినవాడి మిషన్ పదిమంది చేతుల్లో నడుస్తూనే ఉంటుందని, అంతకు మించిన మర్యాద లేదని చెప్పుకుంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది. పోయినవాడు నిజంగానే పోయి ఉంటే ఇంకా బాగుంటుంది.

ఎవరి పని అయిపోయిందో తేల్చేది జడ్జి. అతను కోతగాడే, కోర్టు మెట్లు ఎక్కిన మనిషి కాదు. పదేళ్ళుగా ఈ పంపకాలన్నీ తన చేతుల మీదుగా జరిపించాడు కాబట్టి ఆ పేరు పడింది. 'ఇతను ఇక లేవడు' అని జడ్జి అన్నాడంటే సాయంత్రానికి గుడ్డ పరవాల్సిందే. ఒకసారి ఆస్పత్రిలో ఉన్న ఒక పెద్దాయన మిషన్ కూడా అలాగే పంచేశాడు. ఆయన మూడు నెలలకు కోలుకుని, సంచి భుజాన వేసుకుని పనికి వచ్చాడు. తన సైలెన్సర్ ఒకడి దగ్గర, తన స్టార్టర్ ఇంకొకడి దగ్గర చూసి సంచి దించి నిలబడిపోయాడు. 'ఇంత గట్టి పిండమని తెలిస్తే కొన్నాళ్ళు ఆగేవాళ్ళం కదయ్యా' అన్నాడు జడ్జి. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ పెద్దాయన మళ్ళీ అటువైపు రాలేదు.

అలాంటి జడ్జి మీద చెట్టు పడింది.

పడాల్సిన వైపు పడకుండా మొదట్లోనే తిరిగి, వచ్చి తుంటి మీద పడింది. పద్నాలుగు నెలలు మంచం. మూడో నెలలోనే పంపకం జరిగిపోయింది. జడ్జి భార్య వాకిట్లో గుడ్డ పరిచింది. లోపలి గదిలో పడుకున్న జడ్జికి పానాల చప్పుడు, నట్లు పళ్ళెంలో పడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించాయి. అరిచాడు. మందుల మత్తులో అరుస్తున్నాడులే అని ఎవరూ లోపలికి తొంగి చూడలేదు. అన్నిటికన్నా విలువైన సామాను, అంటే సిలిండరూ పిస్టనూ, భార్య తన తమ్ముడికి ఇచ్చింది. ఆ బావమరిది అప్పటికి ఒక పాత మిషన్ కొనుక్కుని కోత నేర్చుకుంటున్నాడు. ఆ సిలిండర్‌తో అతని మిషన్ ప్రాణం పోసుకుంది. అతనికి అడితిలో చోటు దొరికింది. అప్పటి నుంచి ఆ ఇంటికి బియ్యం, జడ్జికి మందులు అన్నీ ఆ కుర్రవాడి చెమటతోనే వస్తున్నాయి.

జడ్జి అది మర్చిపోలేదు. క్షమించలేదు కూడా. మంచం ఇనప కోడు మీద స్టీలు గ్లాసుతో కొట్టేవాడు. ఒకసారి కొడితే నీళ్ళు, రెండుసార్లు కొడితే పక్కకి తిప్పడం, ఆగకుండా కొడితే ఆవిడ ఏ పనిలో ఉన్నా వచ్చి ఎదురుగా నిలబడడం. నిలబడ్డాక తీర్పు వినాలి. కూరలో ఉప్పు మీద తీర్పు, తలుపు వేసిన చప్పుడు మీద తీర్పు, పక్కింటావిడతో ఎంతసేపు మాట్లాడిందన్న దాని మీద తీర్పు. 'నేనింకా చావలేదు. నువ్వు తొందరపడ్డావు' అన్నది రోజూ ఉండే తీర్పు. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయేది. తనంటే ఆవిడకు భయభక్తులని జడ్జి నమ్మకం.

పదిహేనో నెలలో లేచాడు. కుడికాలు ఈడ్చుకుంటూనైనా వీధి చివర దాకా నడిచాడు. సరిగ్గా అదే వారం పెద్ద గాలివాన వచ్చి ఊరి బయట రోడ్డు పొడుగునా చెట్లన్నీ కూల్చేసింది. వాటిని కోసి ఎత్తే పని అడితికి వచ్చింది. మూణ్ణెల్లకు సరిపడా పని. జడ్జి మేస్త్రి దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"ఎనిమిది మంది కావాలి. ఏడుగురు ఉన్నారు" అన్నాడు మేస్త్రి, కాగితాల్లోంచి తల ఎత్తకుండా. "సోమవారం ఏడింటికి లారీ. నడిచే మిషన్ తెచ్చుకుంటే ఎక్కు. లేకపోతే లేదు. నీకు తెలియని రూలా ఇది?"

"తెస్తాను."

"ఏ మిషన్? నీది పంచుకున్నారుగా."

"పంచుకున్నది తిరిగి అడిగితే ఇవ్వరా?"

మేస్త్రి అప్పుడు తల ఎత్తి నవ్వాడు.

అది బుధవారం. జడ్జి ఇంటికి వచ్చి రంపం ఖాళీ ఒళ్ళు ఎక్కడుందో వెతికాడు. వంటింటి అటక మీద దొరికింది. భార్య అందులో బట్టల క్లిప్పులు పోసి పెట్టుకుంది. లోపల తిరిగే ఇరుసు మాత్రం అలాగే ఉంది, ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయింది. క్లిప్పులన్నీ నేల మీద కుమ్మరించి, కిరోసిన్‌తో కడిగి, పాత బ్రష్‌తో మూలమూలలా తోమాడు. చెట్లెక్కే తాళ్ళూ తోలు బూట్లూ అమ్మేస్తే ఒక పిస్టన్ రింగు, ఒక ప్లగ్, కార్బురేటర్‌లో వేసే రెండు పొరలు, ఎవరో వాడేసిన చైన్ ఒకటి వచ్చాయి. దాంతో చేతిలో డబ్బు అయిపోయింది. మిగతాది అడిగి తెచ్చుకోవాల్సిందే.

మొదట పొట్టి అని అందరూ పిలిచే కోతగాడి ఇంటికి వెళ్ళాడు. బార్ తీసుకుంది పొట్టే. మేకు తగిలి మొన దగ్గర చిన్న నొక్కు పడిన బార్ అది, చీకట్లో వేలితో తడిమి కూడా జడ్జి గుర్తుపట్టగలడు. పొట్టి లోపలికి వెళ్ళి వేరే బార్ తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇది నాది కాదు."

"నీ పేరు రాసుందా ఏమిటి అన్నా, దేని మీదైనా?"

"గాడి చూడు, అరిగి పలచబడింది. చైన్ నిలవదు దీంట్లో."

"నువ్వు మాత్రం అరగలేదా?" అన్నాడు పొట్టి. "ఇద్దరికీ సరిపోతుంది, తీసుకెళ్ళు."

సోది అని పేరుపడ్డ ఇంకో కోతగాడి దగ్గర కార్బురేటర్. అతను గంటసేపు తన మోకాలి నొప్పి గురించి చెప్పి, 'నీకు కాక ఎవరికిస్తాను అన్నా' అని కళ్ళు తుడుచుకుని, జిగురు పట్టిపోయిన తన పాత కార్బురేటర్ గుడ్డలో చుట్టి ఇచ్చాడు. జడ్జిది అతని మిషన్‌లో అద్దంలా మెరుస్తూ కనిపిస్తూనే ఉంది. క్లచ్ ఉన్నవాడు గుమ్మం దాటి రాలేదు, పెళ్ళాం చేత పంపించాడు. అదీ తనది కాదు. స్టార్టర్ ఉన్నవాడు తాడు లేకుండా ఇచ్చాడు. ఇళ్ళన్నీ తిరిగేసరికి సంచి నిండింది, ఒక్కటంటే ఒక్కటి తనది లేదు. ఇన్నాళ్ళూ పారేయడానికి బద్ధకించిన చెత్తంతా ఎవరికి వాళ్ళు జడ్జి సంచిలో వదిలించుకున్నారు. అతనికి కోపం మాత్రం రాలేదు. వాళ్ళ స్థానంలో తనున్నా అదే చేసేవాడు, ఇంకా తెలివిగా చేసేవాడు.

ఉన్నవాటినే దారికి తెచ్చాడు. కార్బురేటర్‌ని పెట్రోలులో రెండు రోజులు నానబెట్టి, సన్నని రాగి తీగతో దాని రంధ్రాలన్నీ పొడిచాడు. బార్ అంచుల్ని రాయి మీద పెట్టి సుత్తితో మెల్లగా కొడుతూ, వదులైన గాడిని దగ్గరకు నొక్కాడు. చైన్ పళ్ళు ఒక్కొక్కటీ ఆకురాయితో మూడేసి రాపిళ్ళు, తక్కువ కాకుండా, ఎక్కువ కాకుండా. బట్టల దండెం తాడు కోసి స్టార్టర్‌కి చుట్టాడు. ప్యాకింగ్‌లకు చెప్పుల డబ్బా అట్ట కత్తిరించి నూనెలో తడిపాడు. పనిలో ఎంత దుర్మార్గుడైనా ముచ్చటగానే కనిపిస్తాడు, ఆ నాలుగు రోజులూ జడ్జిని చూసిన వాళ్ళెవరికైనా ముచ్చటేసి ఉండేది. గ్లాసు చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆదివారం పొద్దుటికి సిలిండరూ పిస్టనూ తప్ప అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కొత్తది కొనాలంటే ఇల్లు అమ్మాలి. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. బావమరిది వాకిట్లో తన మిషన్ తుడుచుకుంటున్నాడు.

"నాది నాకు ఇచ్చెయ్యి" అన్నాడు జడ్జి.

బావమరిది తుడవడం ఆపాడు. "రేపు నేనెలా వెళ్ళను బావా?"

"అది నువ్వు ఆలోచించుకో. బతికున్నవాడి సామాను అది."

"ఇద్దరం ఒకే ఇంట్లో తింటున్నాం. నా చోటు పోతే ఏం లాభం?"

"నా చోటు నాకొస్తుంది."

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి వింటోంది. జడ్జి ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వు పంచిందే. నువ్వే ఇప్పించు."

ఆవిడ తమ్ముణ్ణి లోపలికి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది. గుసగుసలు వినిపించాయి గానీ మాటలు తెలియలేదు. ఒకసారి బావమరిది గొంతు లేచింది, వెంటనే తగ్గింది. ఆవిడ తమ్ముడికి నచ్చజెబుతోందంటే తన మాటకి ఇంట్లో ఇంకా విలువ ఉందన్నమాట అనుకున్నాడు జడ్జి. ఛాతీ కాస్త ముందుకు వచ్చింది. బావమరిది బయటకు వచ్చి, కూర్చుని నాలుగు బోల్టులు విప్పాడు. సిలిండరూ పిస్టనూ గుడ్డతో తుడిచి బావ ముందు పెట్టాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జడ్జి సిలిండర్‌ని వెలుగుకి పెట్టి లోపల చూశాడు. ఒక్క గీత లేదు. కుర్రవాడు కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఆ మాట మాత్రం జడ్జి పైకి అనలేదు.

మధ్యాహ్నానికి అంతా బిగించాడు. ఏడో లాగుకి మిషన్ దగ్గింది, తొమ్మిదో లాగుకి అందుకుంది. వీధి మొత్తం వినేలా గొంతెత్తి అరిచింది. జడ్జికి ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాడు, మోచేత్తో తుడుచుకుని మళ్ళీ ఏడ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే వాకిట్లో ఎవరూ లేరు.

సోమవారం ఏడింటికి ముందే అడితి చేరాడు. బావమరిది కూడా వెంట వచ్చాడు, మిషన్ లేకుండా. ఏదైనా పని దొరక్కపోతుందా అని వచ్చాడు. కోతగాళ్ళు లారీ చుట్టూ నిలబడి జడ్జి మిషన్‌ని చూసి ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. తమ తమ చెత్త అందులో ఎక్కడెక్కడుందో వెతుక్కుంటున్నారు.

"కొయ్యి చూద్దాం" అన్నాడు మేస్త్రి.

దిమ్మ మీద ఒక దుంగ ఎత్తి పెట్టారు, నడుము ఎత్తులో. జడ్జి తాడు లాగాడు, ఒకే లాగుకి మిషన్ అందుకుంది. పొట్టు తెల్లగా ఎగిరింది. కోత గీత గీసినట్టు దిగింది. దుంగ రెండు ముక్కలై అటూ ఇటూ పడింది. పొట్టి నోరు తెరిచాడు. మేస్త్రి వంగి కోసిన ముఖాన్ని అరచేత్తో రాసి చూశాడు.

"మిషన్ బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. తర్వాత నేల మీద పడి ఉన్న ఇంకో దుంగ చూపించాడు. "రోడ్డు మీద చెట్లు దిమ్మలెక్కి కూర్చోవు. దీన్ని కొయ్యి."

నేల మీదిది కోయాలంటే మోకాళ్ళ మీద వంగాలి, మిషన్ నడుస్తుండగా కాలు మార్చాలి. జడ్జి వంగబోయాడు. తుంటి దగ్గర ఎముక పట్టేసింది. ఇంకోలా వంగబోయాడు. పడబోయి దుంగ పట్టుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మూడోసారి కాలు పక్కకి చాపి కూర్చుని కోశాడు. కోత వంకరగా పోయింది. లేవడానికి మాత్రం ఇద్దరు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

మేస్త్రి గడియారం చూసుకున్నాడు. "ఎవరూ నొచ్చుకోవద్దు. మిషన్ పనికొస్తుంది, మనిషి పనికిరాడు. జడ్జీ, ఆ మిషన్ నీ బావమరిది చేతికివ్వు. వాడు ఎక్కుతాడు. మీ ఇంటికి కూలి ఎటూ వస్తుంది, ఎవడు తెస్తే ఏం?"

న్యాయంగా చూస్తే మేస్త్రి మాటలో తప్పేమీ లేదు. జడ్జి స్థానంలో ఇంకెవరున్నా తల దించుకుని మిషన్ ఇచ్చి ఇంటికి పోయేవాడు. బావమరిది చెయ్యి చాపలేదు, కానీ అతని ముఖంలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది. జడ్జి ఆ వెలుగు చూశాడు. చూశాక ఇంకేదీ కనిపించలేదు.

"సరే" అన్నాడు. "ఒక్క కోత కోసి ఇస్తాను. చెయ్యి ఆగడం లేదు."

"కానీ. మేం సామాను ఎక్కించుకుంటాం" అన్నాడు మేస్త్రి.

ఈ రంపాలకు వట్టి పెట్రోలు పోయకూడదు. అందులో నూనె కలపాలి. ఆ నూనె లేకపోతే పిస్టన్ తడారిపోయి సిలిండర్ గోడల్ని కొరికి, దాంట్లోనే అతుక్కుపోతుంది. పొరపాటు పడకూడదని కలిపిన పెట్రోలు నీలంగా ఉండేలా నూనెలోనే రంగు వేసి అమ్ముతారు. అడితి గోడవారన రెండు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో నీలం పెట్రోలు, ఇంకోదాంట్లో నీళ్ళ మోటారుకు పోసే వట్టి పెట్రోలు. జడ్జి మిషన్‌లో ఉన్నదంతా పొట్టు కుప్ప మీద ఒంపేశాడు. వట్టి పెట్రోలు డబ్బా ఎత్తి నిండా పోశాడు. మూత బిగించాడు.

పక్కన నడుమెత్తున పేర్చి ఉన్నవాటిలోకెల్లా లావు దుంగకు మిషన్ ఆనించి, మీట పూర్తిగా నొక్కి పట్టాడు. మొదట బాగానే కోసింది. కాసేపటికి చప్పుడు సన్నబడి, ఇంకా ఇంకా పైకి పోయింది. కాలిన వాసన వచ్చింది. లారీ దగ్గర తాడు బిగిస్తున్న బావమరిది తల తిప్పాడు. అతనికే ముందు అర్థమైంది. ఆ సిలిండర్ గొంతు అతను ఏడాదిగా వింటున్నాడు. తాడు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "బావా, ఆపండి" అంటూనే ఉన్నాడు, మిషన్ దుంగ మధ్యలో టక్కుమని బిగుసుకుపోయింది.

బావమరిది స్టార్టర్ తాడు పట్టుకుని లాగాడు. అంగుళం కూడా కదల్లేదు. మళ్ళీ లాగాడు. తర్వాత తాడు వదిలేసి బావ ముఖంలోకి చూశాడు. జడ్జికి సంతోషంగా ఉంది. చెట్టు తన మీద పడ్డ రోజు నుంచి ఇంత సంతోషం అతను ఎరగడు. ఇక ఎవరూ దాన్ని పంచుకోలేరు.

బావమరిది వెనక్కి తిరిగాడు. లారీ దగ్గరికి నడిచి వెళ్ళి, "దుంగల మోతకి మనుషులు కావాలా?" అని మేస్త్రిని అడిగాడు.

"మోతకి సగం కూలే."

"సరే."

లారీ వెళ్ళిపోయింది. అడితిలో జడ్జి ఒక్కడే మిగిలాడు. దుంగ మీద కూర్చుని, పక్కనే ఉన్న మిషన్ చల్లబడుతూ చేసే చిటచిట చప్పుడు వింటూ చాలాసేపు గడిపాడు. ఎండ నడినెత్తికి వచ్చింది.

అప్పుడు భార్య వచ్చింది. చేతిలో రెండు భోజనం డబ్బాలున్నాయి. ఖాళీ షెడ్డు చూసింది, దుంగలో ఇరుక్కున్న మిషన్ చూసింది.

"వాడేడి?"

"మోతకి పోయాడు."

"మీరు వెళ్ళలేదేం? మిషన్‌కి ఏమైంది?"

"పట్టేసింది."

ఆవిడ కోతగాడి ఇంట్లో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. డబ్బాలు కింద పెట్టి, ట్యాంక్ మూత తిప్పి లోపలికి చూసింది. వేలు ముంచి వెలుగులో పెట్టింది. నీలం లేదు.

"మర్చిపోయారా?" అంది.

మర్చిపోయానంటే సరిపోయేది. ఆవిడ కూడా ఆ జవాబే కోరుతున్నట్టు అడిగింది. జడ్జికి అబద్ధం ఆడాలనిపించలేదు.

"లేదు."

ఆవిడ వేలు కొంగుకి తుడుచుకుంది. కోపం తెచ్చుకోలేదు, ఏడవలేదు. ఎప్పటిలాగే నెమ్మదిగా మాట్లాడింది.

"నిన్న వాడు ఎందుకు ఇచ్చాడనుకుంటున్నారు? వాడి కాళ్ళు పట్టుకున్నాను. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడి కాళ్ళు. నీ పని పోయినా పరవాలేదురా, కూలికైనా పోదువుగాని, ఆయన్ని మాత్రం పనికి పోనివ్వు అన్నాను."

"నా కోసమా?"

"పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా మీరు ఇంట్లో ఉండకుండా ఉంటారని. అంతే. డబ్బు కోసం కాదు, మీ పరువు కోసం కాదు. ఆ పదకొండు గంటలు నాకు కావాలి."

జడ్జి ఏదో అనబోయాడు. ఏ తీర్పూ నోటికి రాలేదు. పద్నాలుగు నెలలు ఎదురుగా నిలబడి తల ఊపిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆవిడ ఎప్పుడూ భయపడలేదని అప్పుడు తెలిసింది. భయపడి ఉంటే తనకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆవిడ ఒక డబ్బా అతని పక్కన పెట్టింది. రెండోది చేతిలోకి తీసుకుంది.

"వాడు పాపం ఏం తినకుండా వెళ్ళాడు. రోడ్డు దాకా వెళ్ళి ఇచ్చొస్తాను. మీరు ఇది తినండి. తిని ఇక్కడే కూర్చోండి. ఆరు తర్వాత రండి."

"ఇక్కడా? ఏం చేస్తూ?"

"మీ ఇష్టం. రేపు కూడా ఏడింటికి డబ్బా కట్టి ఇస్తాను. ఇక్కడికి రాకపోతే ఇంకెక్కడికైనా వెళ్ళండి. రోజూ కట్టి ఇస్తాను. ఆరు లోపల మాత్రం రాకండి. తలుపు తియ్యను."

ఆవిడ వెళ్ళిపోయింది. జడ్జి డబ్బా మూత తీశాడు. ఆకలి వేస్తూనే ఉంది, తిన్నాడు. ఉప్పు సరిగ్గా సరిపోయింది. సాయంత్రం లారీ తిరిగి వచ్చే చప్పుడు వినిపించాక మేస్త్రి గది గడియారం వైపు చూశాడు. ఇంకా ఇరవై నిమిషాలుంది. మళ్ళీ కూర్చున్నాడు.